విన్నవారి సాక్ష్యం

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు కన్నుమూసి అర్ధశతాబ్ది దాటింది. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆ కంఠం ఆగిపోయింది. కాని ఆ కంఠాన్ని గూర్చిన వాదం మాత్రం ఆగలేదు. ఏలూరు కాలువగట్టు మీద, తాడేపల్లిగూడెం స్టేషను బల్లల మీద, కొల్లేటి అంచున కైకలూరు, ఆకివీడు టీ దుకాణాల ముందు పెద్దవారు నలుగురు చేరితే ఈనాటికీ ఎక్కడో ఒకచోట ఆ వాదం మొదలౌతూనే ఉంటుంది. వారిలో రికార్డు పక్షంవారు కొందరు, కచేరీ పక్షంవారు కొందరు. "పుష్పవిలాపం రికార్డులో పలికినట్లు మరెక్కడ పలికింది?" అని మొదటివారు సవాలు చేస్తారు. "రికార్డు విన్నవాడు పటం చూచినవాడు, కచేరీ విన్నవాడు మనిషిని చూచినవాడు" అని రెండవవారు బదులు చెబుతారు. టీ చల్లారిపోతుంది, వాదం చల్లారదు.

దీనిని ఉబుసుపోక కబుర్లుగా కొట్టివేసేవారు కలరు. మన అభిప్రాయం అది కాదు. పాఠశాలల్లో మనం నేర్పలేకపోతున్న విమర్శ అనే విద్యను ఈ వృద్ధులు ఏ పాఠ్యప్రణాళికా లేకుండా సాగిస్తున్నారు. ఆ బడి ఇప్పుడు మూతపడే స్థితిలో ఉన్నది. అందువల్లనే ఈ మాటలు వ్రాయవలసి వచ్చింది.

ముందు రికార్డు పక్షంవారి వాదాన్ని విందాం. ఘంటసాల గారు 1922 డిసెంబరు 4న గుడివాడ దాపున ఉన్న చౌటపల్లిలో జన్మించారు. తండ్రి వెంట తిరుగుతూ తరంగాలకు అభినయించిన బాలుడు, తండ్రి పోయిన తరువాత విజయనగరం చేరి, మధూకరం ఎత్తి, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికంలో సంగీతం నేర్చుకున్నాడు. 1942 ఉద్యమంలో కారాగారానికి పోయివచ్చాడు. ఇది పాఠకులకు తెలియని కథ కాదు. అయితే ఆయన చిత్రసీమలో కుదురుకొన్న కాలంలో పాటకు ఎంత చోటు ఉండేదో మాత్రం నేటి విద్యార్థులకు తెలియదు. లక్కతో చేసిన ఆనాటి రికార్డు నిమిషానికి డెబ్బది ఎనిమిది చుట్లు తిరిగేది. ఒక ప్రక్కన పట్టేది ఇంచుమించు మూడున్నర నిమిషాల పాట. కవి కావ్యం వ్రాసేటప్పుడు గడియారం చూడడు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు ఉదయశ్రీలోని ఖండికలను లక్క పళ్ళెం కొలతకు వ్రాయలేదు. వాటిని ఆ కొలతలోకి తేవలసిన భారం గాయకునిపై పడింది.

ఆయన ఆ భారాన్ని మోసిన తీరు ప్రతి తెలుగు ఉపాధ్యాయుడూ గమనించదగినది. పద్యానికీ పద్యానికీ మధ్య నాలుగు వచనపు మాటలు చెప్పి, శ్రోతను చేయిపట్టి తరువాతి పద్యం గుమ్మం దాకా తీసుకొని వస్తారు. ఆ పైన పద్యం ఎత్తుకుంటారు. మంచి ఉపాధ్యాయుడు తరగతిలో చేసేది కూడా ఇదే కదా! సందర్భం చెప్పి పద్యం చదువుతాడు. పద్యం మధ్యలో దూరి సందర్భం చెప్పడు.

ఇంకొక్క విశేషం. అంతకు పూర్వపు రంగస్థల పద్యం వేరు. భీమవరం దగ్గరి యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి గారూ, ఆయన జంటకవి చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారూ వ్రాసిన పాండవ నాటకాలు ఆడని ఊరు మన మండలాల్లో లేదు. ఆ నాటకాల్లో పద్యం ఎంత సేపో, పద్యం చివర రాగం అంతకు రెండింతల సేపు. "వన్స్ మోర్" అని కేక పడితే మళ్ళీ మొదటినుంచి. దీనిని చూచి నవ్వడం తగదు. మైకు లేని కాలంలో, మైదానంలో కూర్చున్న వేలమందికి చివరి వరుస దాకా గొంతు అందాలంటే ఆ ఎత్తుగడ, ఆ సాగతీత అవసరమే. ఘంటసాల గారు మైకు కాలపు మనిషి. గొంతు తగ్గించి పలికినా వినబడుతుంది. కనుకనే రాగాన్ని కుదించి మాటకు పెద్దపీట వేయగలిగారు. సమాసాన్ని అర్థం చెడకుండా విరిచి చూపగలిగారు. దుఃఖాన్ని కేకగా గాక నిట్టూర్పుగా పలకగలిగారు. పామరునికి సైతం పద్యం అర్థమైందంటే కారణం గాత్రమాధుర్యం ఒక్కటే కాదు, ఈ వివేకం కూడాను. రికార్డు పక్షంవారు మెచ్చుకొనేది, తమకు తెలిసినా తెలియకపోయినా, దీనినే.

ఇక కచేరీ పక్షం. సినిమాలో గాయకుడు తన గొంతును మరొకరి పెదవులకు అరువిస్తాడు. రాముడు పాడినా, దేవదాసు పాడినా తెర మీద కనబడేది నటుని ముఖమే. కచేరీలో అట్లా కాదు. శ్రీరామనవమి పందిట్లో పాడే గాయకుడు తన ముఖంతో తానే కనబడతాడు. ఎదుట కూర్చున్నవారు చీటీలు పంపుతారు. గాలి, చలి, గొంతులోని జీర, ప్రక్క వాద్యం తడబాటు, పసిపిల్ల ఏడుపు, అన్నీ పాటలో కలుస్తాయి. పాట బాగున్నదీ లేనిదీ ఆ క్షణంలోనే సభ ముఖంలో తెలిసిపోతుంది. 1971లో ఆయన అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశాలకు వెళ్ళి పాడినప్పుడు అక్కడి తెలుగువారు పరుగున వచ్చింది తమ ఇళ్ళలో రికార్డులు లేక కాదు. పాటను మనిషితో కలిపి వినాలని వచ్చారు.

నేను ఈ రెండు పక్షాల మధ్య పెరిగినవాడను. ఘంటసాల గారు పోయేనాటికి నాకు ఊహ తెలియదు. నాకు తెలిసిన కచేరీ అంతా ఇతరుల నోట విన్నదే. మా వీధిలో ఒక తెలుగు పండితులవారు ఉండేవారు. పాత గ్రామఫోను పెట్టె, గుడ్డలో చుట్టి దాచిన రికార్డులు ఆయన ఆస్తి. కొల్లేటి వైపునుండి ఒక రైతు వారానికొకసారి ఏలూరు వచ్చి, పని చూచుకొని, తిరుగు బస్సుకు ముందు ఆయన అరుగు మీద కూర్చునేవాడు. ఆయన కచేరీ విన్న మనిషి. ఒకనాడు కుంతికుమారి మీద వాదం వచ్చింది. పండితులవారు రికార్డు పెట్టి, "చూడవోయ్, ఎంత నిర్దుష్టం! ఎక్కడా ఊపిరి తీసిన చప్పుడు లేదు" అన్నారు. రైతు నెమ్మదిగా, "అయ్యా, నేను ఎదురుగా కూర్చుని విన్నాను. ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో చూశాను. అక్కడ ఆగాడు గనుకనే ఆ పిల్ల గుండె ఎక్కడ ఆగిందో నాకు తెలిసింది" అన్నాడు. పండితులవారు బదులు చెప్పలేదు. లోపలికి వెళ్ళి పుస్తకం, పెన్సిలు తెచ్చారు. "ఏదీ, ఎక్కడ ఆగారో చెప్పు" అని అడిగి, పద్యం మీద చిన్న గీతలు పెట్టుకున్నారు. యతిస్థానం వేరు, ఊపిరిస్థానం వేరు అని నాకు ఏ ఛందోగ్రంథమూ చెప్పలేదు. ఆ అరుగు చెప్పింది.

ఆ పండితులవారూ లేరు, ఆ రైతూ లేడు. రికార్డులు ఏమైనవో, గీతలు పెట్టిన ఆ పుస్తకం ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆలోచించండి: 1970లో పదిహేనేండ్ల వయసున పందిట్లో కూర్చుని ఆయన పాట విన్నవారికి ఈనాడు డెబ్బది దాటింది. రికార్డులకు ప్రతులు ఉన్నాయి. అవి టేపుల్లోకి, అక్కడినుండి టెలిఫోనుల్లోకి ఎక్కాయి. కచేరీలకు మిగిలిన ప్రతులు చాలావరకు మనుషులే. ఒక్కొక్క వృద్ధుడు వెళ్ళిపోయినప్పుడు ఒక్కొక్క రాత్రి పాడిన పాట సాక్షి లేకుండా పోతున్నది.

అంతేకాదు. రికార్డు తన శ్రోతను తాను ఎన్నుకోలేదు. ఘంటసాల గారు చివరి దశలో, ఆరోగ్యం సహకరించని కాలంలో, భగవద్గీత ఏడువందల శ్లోకాలలో నూరు పైచిలుకు ఎన్ని, తెలుగు తాత్పర్యంతో పాడారు. ఆ రికార్డు వెలువడిన నాటికి ఆయన లేరు. నేడు మన ఊళ్ళలో ఆ గీత వినబడగానే మొదట వచ్చే ప్రశ్న ఏమిటి? "ఎవరు పోయారు?" అని. కూలబడినవాణ్ణి లేచి నిలబడమని చెప్పిన గీతను, ఇక లేవలేనివారి ముంగిట మాత్రమే వినిపించే ఆచారం మనం తెచ్చిపెట్టుకున్నాం. మా విద్యార్థి ఒకడు దానిని "చావు పాట" అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే తప్పు వానిది కాదని తోచింది. వాడు మరొక సందర్భంలో దానిని వినలేదు. వినిపించవలసినవారం మనం వినిపించలేదు.

అభిమానుల లోపాలను కప్పిపుచ్చడం మన ఉద్దేశం కాదు. "ఆయనతోనే పాట పోయింది" అని తీర్మానించేవారు ఆయనకు ఉపకారం చేయడం లేదు. కుర్రవారి చెవులు మూస్తున్నారు. జ్ఞాపకం కూడా నమ్మదగిన బంటు కాదు. ఒకే కచేరీని ఒకరు దసరా అంటారు, ఒకరు నవమి అంటారు. విన్నదానికి వినాలనుకొన్నది తోడవుతుంది. కనుక సాక్ష్యాన్ని సాక్ష్యంగానే తీసుకోవాలి, అడ్డుప్రశ్న వేయాలి, ఇద్దరి మాటలను సరిపోల్చాలి. పాశ్చాత్య దేశాల్లో రాక్ సంగీతాభిమానులు ఈ పనిని శ్రద్ధగా చేస్తున్నారు. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి పొందిన బాబ్ డిలన్ ఏ రాత్రి, ఏ ఊరిలో, ఏ పాట తరువాత ఏ పాట పాడాడో ఆయన అభిమానులు పట్టికలు వ్రాసి ఉంచారు. రికార్డులోని పాటను వేదికపై ఆయన ఎట్లా మార్చాడో చర్చించుకుంటారు. ఆ సంగీతం మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. ఆ శ్రద్ధ నచ్చకపోవడానికి కారణం లేదు. మన వృద్ధులకు రసికతలో కొరత లేదు. కాగితం, కలం పట్టుకొని వారి ప్రక్కన కూర్చునేవారి కొరతే ఉన్నది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేండ్ల క్రితం తరగతిలో కరుణశ్రీ ఖండిక పాఠం వచ్చింది. నాకు సంగీతజ్ఞానం లేదు. గొంతు అంతకన్నా లేదు. కనుక ఘంటసాల గారి పుష్పవిలాపం వినిపించి, "ఇదీ పద్యమంటే" అని చెప్పి కూర్చున్నాను. పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. నా పాఠం నెగ్గిందనుకున్నాను. అప్పుడు వెనుక బల్లనుండి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మీరు చదవరా?" అని అడిగింది. ఆ ప్రశ్నలో వెటకారం లేదు. మా ఊరి గొంతుకలో పద్యం ఎట్లా ఉంటుందో వినాలన్న కోరిక మాత్రమే ఉన్నది. నేను తప్పించుకోజూశాను; కుదరలేదు. చదివాను. రాగం రాలేదు, మాట వచ్చింది. రెండవ పద్యానికి ఇద్దరు పిల్లలు గొంతు కలిపారు. రికార్డు విన్నప్పుడు వారు శ్రోతలు. నేను చదివినప్పుడు వారు పాఠకులైనారు. అంతకాలం ఘంటసాల గారి గొంతును చాటు చేసుకొని నా పని నేను ఎగవేస్తున్నానని ఆనాడు తెలిసింది.

ఉపాధ్యాయ సోదరులకూ, సోదరీమణులకూ మన మనవి ఇంతే. పద్యపాఠం వచ్చినప్పుడు రికార్డు వినిపించండి; కాని దానికి ముందు మీ గొంతుతో మీరు చదవండి. తరువాత పిల్లలచేత చదివించండి. ఆపైన ఊరిలో ఒక వృద్ధ శ్రోతను తరగతికి పిలవండి. ఆయన ఏ ఊరిలో విన్నాడు, ఏ సంవత్సరం, ప్రక్క వాద్యాలు ఏవి, ఏ పాటకు సభ మళ్ళీ పాడమన్నది, ఏ చోట గాయకుడు ఆగాడు అని పిల్లలచేత అడిగించండి, వ్రాయించండి. మరొక వృద్ధుడు కాదంటే ఆ కాదన్నది కూడా వ్రాయించండి. విద్యార్థులకు ఒక్క మాట: "చాలా బాగుంది" అన్నచోట ఆగకండి. ఏ మాట దగ్గర బాగుంది, ఎందుకు బాగుంది అని మిమ్మల్ని మీరే అడగండి. విమర్శకు అంతకు మించిన ఓనమాలు లేవు.

రికార్డు గొప్పదా, కచేరీ గొప్పదా అన్న వాదం ఎప్పటికీ తేలకూడదనే మా కోరిక. తేలిపోతే అరుగు ఖాళీ అవుతుంది. ఆ వాదం చేసేవారు మన మధ్య ఇంకా కొందరు ఉన్నారు. ఈ ఆదివారం సాయంత్రమే పుస్తకం, పెన్సిలు తీసుకొని వెళ్ళి వారిలో ఒకరి ప్రక్కన కూర్చోండి. ఆయన ఎక్కడ ఆగారో అడగండి.