అచ్చు, అంతర్జాలం – విద్యార్థి రచయిత

రచన విద్యార్థికి అలంకారం కాదు, ఆలోచనకు అభ్యాసం. ఈ అభ్యాసానికి మా తరం వారికి రెండు బడులు లభించాయి. మొదటిది అచ్చు, రెండవది అంతర్జాలం. వార్షిక సంచికలో ఒక వ్యాసం వెలువడడానికి విద్యాసంవత్సరమంతా వేచి ఉండేవారం. అంతర్జాలంలో ఒక్క సాయంత్రం చాలింది. "ఇక అచ్చు వేయడమెందుకు, తెరపై పెడితే చాలదా?" అన్న మాట నేడు వినవస్తున్నది గనుక, ఏ బడి మాకేమి నేర్పిందో చెప్పుకోవడం అవసరం.

అచ్చు మాకు పొదుపు నేర్పింది. పుటలు పరిమితం, కనుక ప్రతి వాక్యమూ తన చోటును తాను సంపాదించుకోవలసిందే. ప్రూఫులు దిద్దేటప్పుడే ఒత్తుల విలువ, విరామచిహ్నాల విలువ తెలిసివచ్చాయి. అన్నిటికీ మించి, అచ్చు సాక్ష్యంగా నిలుస్తుంది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించి సమాధానమిచ్చారు. తెలుగు ముస్లిముల వేదనకు ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో గొంతునిచ్చింది. మన విద్యార్థికి తన ఇంటి బ్రతుకు కూడా తెలుగు సాహిత్యమేనన్న ధైర్యం అటువంటి పుస్తకాలే ఇచ్చాయి.

అంతర్జాలం నేర్పినదీ తక్కువ కాదు. యూనికోడ్‌లో 1991లోనే తెలుగు లిపికి స్థానం దక్కింది. 'ఈమాట' పత్రిక 1998 నుండీ, తెలుగు వికీపీడియా 2003 నుండీ సాగుతున్నాయి. వికీపీడియాలో వ్రాసేవారిని 'ఆధారమేది?' అని అడుగుతారు. చేసిన ప్రతి మార్పూ చరిత్రగా నిలిచి ఉంటుంది. ఇది కూడా గురుత్వమే. అయితే తెరపై వెలువడే వ్రాతలన్నింటికీ ఈ కట్టుబాటు లేదు. మెచ్చుకోలు క్షణంలో వస్తుంది. దిద్దుబాటు అరుదుగా వస్తుంది. మెచ్చుకోలు ఉత్సాహాన్నిస్తుంది, దిద్దుబాటు ఎదుగుదలనిస్తుంది. కనుక కాగితమా, తెరయా అన్నది అసలు ప్రశ్న కాదు. వ్రాసినదాన్ని వెలువరించక ముందు శ్రద్ధగా చదివేవారున్నారా అన్నదే ప్రశ్న.

మన వంటి ద్విభాషా సంచికకు మరొక విశేషమున్నది. ఉర్దూ కుడి నుండి, తెలుగు ఎడమ నుండి సాగి ఒకే కుట్టులో కలుసుకుంటాయి. పుటలు తిరగవేసే విద్యార్థి రెండవ లిపిని చదవలేకపోయినా చూడక తప్పదు. ఎన్నడో ఒకనాడు స్నేహితుని అర్థమడుగుతాడు. తెరపైనైతే ఎవరి భాషను వారు తెరచి, రెండవదాని జోలికి పోకుండానే మూసివేయవచ్చు.

కావున కళాశాల సంఘం వారికి మా మనవి ఇది. వార్షిక సంచిక అచ్చు మానవద్దు. అచ్చయిన సంచికను పుటల ఛాయాచిత్రాలుగా గాక, వెదకగానే దొరికే యూనికోడ్ అక్షరాలలో అంతర్జాలంలోనూ భద్రపరచండి. ప్రతి రచననూ ఒక్కసారైనా దిద్ది విద్యార్థికి తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయండి. విద్యార్థులారా! ఎర్ర సిరా చూచి చిన్నబుచ్చుకోకండి. మీ వ్రాతను శ్రద్ధగా చదివినవారు ఒకరున్నారనడానికి అదే గుర్తు.