తాతగారి మంగలికత్తి

పాత ఇంటికి సున్నం వేయించేటప్పుడో, అటక దులిపించేటప్పుడో అప్పుడప్పుడు ఒక వస్తువు బయటపడుతూ వుంటుంది. జానెడు పొడుగు వుండదు. నల్లటి కొమ్ము పిడి. ఆ పిడి నడుమ ముడుచుకొని పడుకొన్న కత్తి. "ఇదేమిటి బామ్మా?" అంటాడు మనుమడు. "మీ ముత్తాతగారు గడ్డం గీసుకొన్న కత్తిరా, ముట్టుకోకు!" అంటుంది బామ్మ. ఆ తర్వాత దానికి పట్టే గతి రెండు విధాలు. పాత ఇనుము కొనేవాడి తక్కెడలోకి పోవడం ఒకటి. ఇంట్లో ఉత్సాహవంతుడెవరో గరుకు కాగితం తీసికొని తళతళలాడేదాకా తోమడం రెండవది. మొదటిదానికన్న రెండవదే ఎక్కువ అపకారమని నా మనవి. అమ్మిన కత్తి తెలిసినవారి చేతికి చిక్కవచ్చు. తోమిన కత్తిమీది అక్షరాలు మాత్రం మళ్ళీ రావు.

తెలుగు పాఠం చెప్పుకొనేవాడికి కత్తి గొడవ ఎందుకంటారా? తాళపత్రం చేతికి వస్తే మేము ముందుగా చదువుతాము, తుడవడం తర్వాత. మంగలికత్తికీ అదే మర్యాద చెల్లాలి. అదీగాక ఈ కత్తి సారస్వతానికి కొత్తది కాదు. ఆత్మజ్ఞానానికి పోయే దారిని కఠోపనిషత్తు క్షురధారతో పోల్చింది. ఆ ధారకే మన తెలుగు మాట వాదర.

సరే, చదవడం ఎలా? వాదర మీ వేళ్ళవైపు రాకుండా కత్తి విప్పండి. ఆకుకూ, పిడికి బిగించిన మేకుకూ మధ్య సన్నని మెడ వుంటుంది. చేసినవారి పేరు, ఊరు సాధారణంగా అక్కడే ముద్ర కొట్టి వుంటాయి. భూతద్దం పెట్టి చూడండి. తరచుగా కనిపించే ఊళ్ళు రెండు: ఇంగ్లండులోని షెఫీల్డు, జర్మనీలోని సోలింగెన్. 1740 ప్రాంతాల బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు మంచి స్ప్రింగులకోసం తంటాలుపడి, మూసలో ఉక్కు కరిగించే పద్ధతి సాధించాడు. ఆ ఉక్కే షెఫీల్డు కత్తులకు పేరు తెచ్చింది. మూస ఉక్కు మనకూ పరాయిది కాదు సుమండీ! నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కుకోసం పర్షియా వర్తకులు వచ్చేవారు.

పేరు అరిగిపోయినా గుర్తు మిగలవచ్చు. నక్షత్రమూ, దాని పక్కన శిలువా వుంటే షెఫీల్డు జోసెఫ్ రోడ్జర్స్ వారిది. కవలపిల్లల బొమ్మ వుంటే సోలింగెన్ హెంకెల్స్ వారిది. ఆ గుర్తు 1731లో నమోదయింది. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అనే ఇంగ్లీషు అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అనగా 1837-1901 మధ్యది. దేశం పేరు కూడా వుంటే ఇంకొక ఆధారం దొరికినట్లే. దిగుమతి సరుకుమీద దేశం పేరు వుండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. అది మరుసటి సంవత్సరం అమలులోకి వచ్చిన తర్వాత ఇంగ్లండు, జర్మనీ అనే మాటలు కత్తులమీద విరివిగా కనిపిస్తాయి.

ఆకారం కూడా మాట్లాడుతుంది. మెడ చివర వేలు ఆనించుకొనే తోక లేకపోయినా, పొట్టిగా వున్నా బాగా పాతది కావచ్చు. ఆకు వీపునుంచి వాదరదాకా చీలికమేకులాగా నిండుగా దిగితే పాత పద్ధతి. రెండు పక్కలా లోతుగా తొలిచి పలుచన చేసినవి పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంనుంచి ఎక్కువయినాయి.

పిడి సంగతి మరవవద్దు. కొమ్ము, ఎముక, దంతం, సెల్యులాయిడ్ అన్నీ వాడారు. ఏదో తెలుసుకొందామని కాల్చిన సూది మాత్రం గుచ్చకండి. సెల్యులాయిడ్ భగ్గున మండుతుంది. అది పాతబడితే వదిలే ఆవిరి పక్కనున్న కత్తులను కూడా తుప్పు పట్టిస్తుంది కనుక దానిని విడిగా వుంచాలి. దంతపు పిడి అనిపిస్తే అమ్మకం, కొనుగోలు తలపెట్టకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం, దాని సవరణలు ఒప్పవు. అటవీశాఖవారిని అడగడం క్షేమం.

ఇక సంరక్షణ. మెత్తని పొడిగుడ్డతో వీపునుంచి వాదరవైపుకు తుడవండి, అడ్డంగా కాదు. పైపైన పట్టిన తుప్పును నూనెలో తడిపిన గుడ్డతో ఓపికగా తీయండి. నల్లని మచ్చలు మిగిలితే మిగలనీయండి. అవి వయస్సు తెచ్చిన మచ్చలు. సానచక్రం దగ్గరికి తీసికొనిపోకండి. పలుచని వాదర క్షణంలో వేడెక్కి ఉక్కుకు పెట్టిన పదును దిగిపోతుంది. తుడిచాక కుట్టుమిషను నూనె ఒక్క చుక్క రాసి పొడిచోట వుంచాలి. కొబ్బరినూనె కొన్నాళ్ళకు జిగురు కడుతుంది. తోలు సంచి తేమ పీలుస్తుంది.

దీని నిర్మాణంలో ఒక తెలివి వున్నది. సానరాతిమీద కత్తిని పడుకోబెడితే వీపూ, వాదరా రెండూ తగులుతాయి. అంటే ఎంత వాలుగా నూరాలో వీపు మందమే నిర్ణయిస్తుంది. రాతిమీద వాదర ముందు నడవాలి. తోలుపట్టీమీద వీపు ముందు నడవాలి. తిప్పేటప్పుడు వీపుమీదనే దొర్లించాలి. చదవడానికి ఇంతే. చేతికి రావడానికి సంవత్సరాలు పడుతుంది.

గీసుకొందామనే సరదా వుంటే నేర్చినవారిచేత నూరించి, శుభ్రం చేయించి, ఒక్కరే వాడుకోవాలి. హెపటైటిస్ బి క్రిమి ఎండిన రక్తంలో ఏడు రోజులు బతకగలదు. ఈనాడు క్షౌరశాలలో మనిషికొక కొత్త బ్లేడు మార్చడం అందుకే. పాత కత్తిమీద ప్రేమతో ఆ పద్ధతిని తప్పుపట్టనక్కరలేదు.

చివరగా ఒక మాట. ఇలాంటి కత్తులు మన అటకలమీదకన్న నాయీబ్రాహ్మణుల ఇళ్ళలో, తాతలనాటి పొదులలో ఎక్కువగా వున్నాయి. కంఠంమీద వాదర పెట్టించుకొనేటంత నమ్మకం ఆ చేతిమీద వుంచిన లోకం, ఆ చేతికి గౌరవం మాత్రం పిసినారితనంగా ఇచ్చింది. కత్తిమీద షెఫీల్డు పేరు వుంటుంది. దానిని ముప్ఫై ఏళ్ళు నూరి నిలబెట్టినవాని పేరు వుండదు. ఆ పేరు తెలిసిన పెద్దలు ఇంట్లో వుండగానే అడిగి, ఎవరిది, ఏ ఊరు, ఏ కాలం అని ఒక చీటీమీద రాసి కత్తితోపాటు పెట్టెలో వుంచండి. నూనె చుక్క ఉక్కును కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆ చీటీయే.