మందు కాదు కదా!

మా సోనేపూర్‌లో కుర్రాడు సారా ముట్టుకున్నాడంటే వీధి వీధంతా లేస్తుంది. గుట్కా నమిలితే తల్లే చెంప పగలగొడుతుంది. అదే కుర్రాడు ఇరవై రూపాయలిచ్చి ఎనర్జీ డ్రింకని ఎర్రనీళ్ల సీసా కొని గటగటా తాగేస్తే ఎవరూ తల తిప్పి చూడరు. "మందు కాదు కదా!" అంటాం. ఈ ఒక్క మాట చాటున పెద్దలమని చెప్పుకునే మేం చాలాకాలంగా దాక్కున్నాం.

ఇచ్ఛాపురం మీదుగా వచ్చే బాహుదా నది సముద్రంలో కలిసేది మా దగ్గరే. 1936లో ఒడిశా వేరు పడ్డప్పుడు గంజాంతో పాటు మేమూ ఇటే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బతుకంతా వేట. తెల్లారకముందే పడవ దించాలంటే అర్ధరాత్రి దాటగానే లేవాలి. వల లాగడానికి ఒక చెయ్యి తగ్గితే పదిహేనేళ్లవాణ్ణి లేపుతాం. వాడు ఒడ్డుకొచ్చి, ఉప్పునీళ్లు కడుక్కుని బడికి పోతాడు, పోతే. వెనక బెంచీలో కునికితే మాస్టారు తిడతారు, ఇంటికొస్తే "బద్ధకం వెధవ" అని మేం తిడతాం. వాడి నిద్ర ముందు తినేసింది మేమే. సీసా తర్వాత వచ్చింది.

ఒడ్డున బడ్డీలో ఐసుగడ్డలేసిన థర్మాకోల్ పెట్టె ఒకటుంటుంది. చీకట్లో కుర్రాడు అందులో చెయ్యి పెట్టి తడుముతాడు. రెండో చేతిలో వల ఉంటుంది గనక మూత పళ్లతో తిప్పుతాడు. సగం తాగి తండ్రికిస్తాడు. తండ్రి మిగతాది గొంతులో ఒంపుకుని "ఇప్పుడు కళ్లు తెరుచుకున్నాయిరా" అంటాడు. ఖాళీ సీసా పారెయ్యరు, వలకి బెండుగా కట్టుకుంటారు. ఆ పడవలో నాకూ వాటా ఉంది. చూసి నవ్వానే తప్ప ఒక్క మాట అనలేదు.

అది బలమిస్తుందని మేం నిజంగానే నమ్మాం. అందులో పంచదార ఉంది, నిజమే. కానీ కళ్లు తెరిపించేది కెఫీన్. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని ఇక పడుకోమంటుంది. కెఫీన్ వెళ్లి ఆ కబురు అందకుండా అడ్డం కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, తెలియదంతే. తాగిన అయిదు గంటలకి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. సాయంత్రం క్రికెట్టాడి తాగినవాడికి రాత్రి నిద్ర రాదు, వేటకి లేచేసరికి తల దిమ్ము, మళ్లీ పెట్టెలో చెయ్యి.

ఇలాంటి డ్రింకుల్లో లీటరుకి 145 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చని మన ఆహార భద్రతా సంస్థ నియమం పెట్టింది. పిల్లలకీ గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ తగదనీ, రోజుకి అర లీటరు దాటొద్దనీ సీసా మీద రాయాలని కూడా చెప్పింది. రాశారు, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. మా ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాళ్లు లేరా? బరంపురంలో డిగ్రీలు చేసి వచ్చినవాళ్లం బోలెడుమందిమి. రేషను కార్డులో తప్పు పడితే తహసీల్ ఆఫీసుకెళ్లి తగవేసుకుంటాం. ఈ నాలుగు ముక్కలూ బడ్డీ దగ్గర నిలబడి పైకి చదివినవాడు ఒక్కడూ లేడు.

పిల్లలు ఒంటి బరువులో కిలోకి రోజుకి 3 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో లెక్క చెప్పింది. అంటే 45 కిలోల కుర్రాడికి 135. పావు లీటరు సీసాలో 75 దాకా ఉండొచ్చు. రెండు సీసాలతో గీత దాటేస్తాడు. ఇంట్లో టీ ఈ లెక్కలోకి రానేలేదు. పళ్లు సరిగా రాని పిల్లకి టీలో బన్ను ముంచి పెట్టే ఇళ్లు మావి. మెట్రిక్ పరీక్షలొస్తే ఆడపిల్లలకీ అంతే, "చదువుకో తల్లీ, నిద్రపోకు" అని తల్లే సీసా తెచ్చి పుస్తకం పక్కన పెడుతుంది. అంత ప్రేమని ఎవరు తప్పు పడతారు? అందుకే ఎవరూ పట్టలేదు.

ఇక కుర్రాళ్ల క్రికెట్ పోటీలు. గెలిచిన జట్టుకి డ్రింకుల కేసు. చందా రాసేది మేమే, చప్పట్లు కొట్టేదీ మేమే.

లిథువేనియా 2014లోనే పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ఈ డ్రింకులు అమ్మకూడదంది. పోలండు 2024 జనవరి నుంచి అదే చేసింది. మా బడ్డీలో వయసు అడిగేవాడు లేడు. అడగడానికి పెద్ద చట్టం కూడా అక్కర్లేదు, అమ్మేవాడికి కొనేవాడు పుట్టిన రోజు నుంచీ తెలుసు. మొన్న మేం నలుగురం వెళ్లి "చిన్నపిల్లలకి ఇవ్వకురా" అన్నాం. వాడు త్రాసు దించి మా వైపు చూశాడు. "నేనివ్వకపోతే పక్క బడ్డీలో కొంటారు బావా" అన్నాడు. పక్క బడ్డీ మా తమ్ముడిది. ఆ పెట్టెలోకి ఐసు పంపేది నేను.