ద్రవ్య సరఫరా, విదేశీ మారక నిల్వల నిష్పత్తిపై తొర్రూరు సభ తీర్మానం

నాటి వరంగల్, నేటి మహబూబాబాద్ జిల్లా తొర్రూరులో సమావేశమైన వాణిజ్య, అర్థశాస్త్ర అధ్యాపకులు, పత్తి వర్తకులు, రైతు ప్రతినిధుల సభ ఈ కింది విధంగా తీర్మానించి నమోదు చేయడమైనది.

సభ గమనించినదేమనగా: 2024 మార్చి చివర చైనా విదేశీ మారక నిల్వలు సుమారు 3.25 లక్షల కోట్ల డాలర్లు, భారత్‌వి సుమారు 64,600 కోట్ల డాలర్లు. ఇంతవరకే చూస్తే చైనావి అయిదింతలు. అయితే అదే నెలలో చైనా ద్రవ్య సరఫరా 300 లక్షల కోట్ల యువాన్లు దాటింది. డాలర్లలో అది దాదాపు 42 లక్షల కోట్లు. భారత్‌లో ద్రవ్య సరఫరా (ఎం3) సుమారు 250 లక్షల కోట్ల రూపాయలు, అంటే దాదాపు 3 లక్షల కోట్ల డాలర్లు. ఆ లెక్కన మన వంద రూపాయల వెనుక 21, 22 రూపాయల నిల్వ ఉండగా, చైనా వంద యువాన్ల వెనుక ఎనిమిదికి కాస్త తక్కువే ఉంది. మన అంకెలో బంగారం చేరి ఉంది, చైనా అంకెలో లేదు. చైనా బంగారాన్ని కలిపినా దాని నిష్పత్తి ఎనిమిది శాతం దగ్గరే ఆగుతుంది.

సభ గుర్తించినదేమనగా: ద్రవ్య సరఫరాలో అధిక భాగం బ్యాంకు డిపాజిట్లే. భయం పుట్టిన రోజున ఆ డిపాజిట్లే డాలర్ల వైపు, బంగారం వైపు పరుగెత్తుతాయి. కనుక దిగుమతులకు ఎన్ని నెలలు సరిపోతాయన్న ఒక్క కొలమానం చాలదు.

సభ జ్ఞాపకం చేసుకుంటున్నదేమనగా: 1991 మార్చి చివర భారత్ ద్రవ్య సరఫరా సుమారు 2.66 లక్షల కోట్ల రూపాయలు, నిల్వలు సుమారు 11,400 కోట్లు, అంటే వంద రూపాయలకు నాలుగు రూపాయల చిల్లర. ఆ జులైలో వరంగల్ బిడ్డ పి.వి. నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువను 1న, 3న రెండు విడతలుగా తగ్గించింది. దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టు కింద దేశం దాటింది. అదే నెల బడ్జెట్ ఎరువుల ధరను సగటున 40 శాతం పెంచింది, నిరసనల తర్వాత ఆ పెంపును 30 శాతానికి తగ్గించారు. నిల్వల కొరత ఈ ప్రాంత రైతుకు యూరియా బస్తా ధరలో తెలిసివచ్చింది.

అప్పటి నుంచి భారత్ నిష్పత్తి పెరగగా, చైనా ఎదురు దారిలో నడిచిందని కూడా సభ గమనించింది. 2014 జూన్‌లో ఆ దేశ నిల్వలు 4 లక్షల కోట్ల డాలర్లకు చేరువై, ద్రవ్య సరఫరాలో అయిదో వంతు ఉండేవి. 2015 ఆగస్టులో యువాన్ విలువ తగ్గించాక నిల్వలు కరిగి 2017 జనవరికి 3 లక్షల కోట్లకు లోపు పడ్డాయి. ద్రవ్య సరఫరా మాత్రం పెరుగుతూనే ఉంది.

అయినా ఈ నిష్పత్తి చూపి భారత్ చైనాకన్నా భద్రంగా ఉందని చెప్పడాన్ని సభ అంగీకరించదు. చైనా నిల్వల వెనుక ఏళ్ల తరబడి ఎగుమతుల మిగులు ఉంది, మూలధనం బయటికి పోకుండా గట్టి ఆంక్షలున్నాయి. మనకు వాణిజ్య లోటు ఉంది. 2024 మార్చి నాటికి మన విదేశీ రుణం 66,300 కోట్ల డాలర్లు దాటి, నిల్వలకన్నా కాస్త ఎక్కువగానే ఉంది.

సభ విచారం వ్యక్తం చేస్తున్నదేమనగా: రిజర్వు బ్యాంకు నిల్వల అంకెను వారంవారం, ద్రవ్య సరఫరా అంకెను పక్షానికోసారి ప్రకటిస్తున్నా, పత్రికల్లో, తరగతి గదుల్లో మొదటిదే వినిపిస్తున్నది. ద్రవ్య సరఫరా లెక్కింపు పద్ధతిని 1998లో సంస్కరించిన బృందానికి తెలుగువారైన వై.వి. రెడ్డి అధ్యక్షత వహించారు. అలాంటి విషయం తెలుగులో చదువుకునే విద్యార్థికి అందకపోవడం సభకు బాధ కలిగిస్తున్నది.

కావున తీర్మానించడమైనది ఏమనగా: నిల్వలపై వెలువడే అర్ధవార్షిక నివేదికలో ద్రవ్య సరఫరాతో నిష్పత్తిని ప్రతిసారీ ప్రముఖంగా చూపాలని, దాని సారాంశాన్ని తెలుగులోనూ ప్రచురించాలని రిజర్వు బ్యాంకును కోరడమైనది. నిల్వల డాలర్ అంకెను ఒంటరిగా ఉటంకించరాదని, దాని పక్కన ద్రవ్య సరఫరా, విదేశీ రుణం అంకెలు విధిగా ఉంచాలని సభలోని అధ్యాపకులు కట్టుబడుతున్నారు. ఈ నిష్పత్తిని సాకుగా చూపి పంట రుణాలు బిగించరాదన్నది సభ స్థిరాభిప్రాయం.

తీర్మానం ప్రతులను రిజర్వు బ్యాంకు హైదరాబాద్ కార్యాలయానికి, కేంద్ర ఆర్థిక శాఖకు పంపవలసినదిగా నిర్ణయించడమైనది.