డినెను ఆ గాటన కట్టకండి

ఎడ్వర్డ్ సయీద్ 1978లో వెలువరించిన ‘ఓరియంటలిజం’ అట్టమీద ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ గీసిన పాములవాడు ఉంటాడు. గోడకి ఇస్తాంబుల్ నీలి పలకలు. బొమ్మ గీసింది మాత్రం పారిస్ స్టూడియోలో. అప్పటినుంచీ మా డ్రాయింగ్ మాస్టర్లు తూర్పును గీసిన ఫ్రెంచివాళ్లందరినీ, దాన్ని ఊహించి కల్పించినవాళ్లంటూ, ఒకే గాటన కట్టేస్తున్నారు. ఎతియెన్ డినె అనే చిత్రకారుడి దగ్గర నేను అడ్డం తిరుగుతాను.

1884లో పురుగుల మీద పరిశోధన చేసేవాళ్ల వెంట అల్జీరియా వెళ్లాడాయన. ఆ ఎండకి ముగ్ధుడై మళ్లీ మళ్లీ వెళ్లాడు, అరబ్బీ నేర్చాడు, చివరికి ఎడారి అంచున బూ సాదాలో స్థిరపడ్డాడు. సలహాకీ, స్నేహానికీ, పుస్తకాలకీ అక్కడి స్లిమాన్ బెన్ ఇబ్రహీమే తోడు. ఇద్దరూ కలిసి ప్రవక్త ముహమ్మద్ జీవితచరిత్ర రాసి, మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ కోసం చనిపోయిన ముస్లిం సైనికులకు అంకితమిచ్చారు. 1913లో డినె ఇస్లాం తీసుకుని నస్రెద్దీన్ అయ్యాడు. 1929లో హజ్ చేశాడు, అదే ఏడాది పారిస్‌లో పోయాడు. సమాధి మాత్రం బూ సాదాలోనే.

మచ్చ లేదా? ఉంది. అక్కడి ఔలెద్ నాయిల్ తెగ ఆడపిల్లలను నగ్నంగా గీసిన బొమ్మలు నాకిప్పటికీ మింగుడుపడవు. అరబ్బీ వచ్చినంత మాత్రాన అవి జెరోమ్ బొమ్మలకంటే వేరైపోవు. అందుకే క్లాసులో పోల్చి చూసేందుకు జెరోమ్ పక్కన డినెను పెట్టండి, ఆ బొమ్మలతో సహా.