దుబాయ్ ఫ్లాటుకు అసలు ఖర్చెంత?



దుబాయ్‌లో అప్పుచేసి ఫ్లాటు కొంటే వాయిదాలు అద్దెతోనే తీరిపోతాయన్న మీ పత్రికలోని వ్యాసం మా కోనసీమలో చాలామందిని ఊరిస్తుంది. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్ సంపాదనతో లేచిన ఇళ్లెన్నో. అందుకే ఆ వ్యాసం వదిలేసిన ఖర్చులు చెప్పాలి.

అక్కడ రిజిస్ట్రేషన్ రుసుమే ధరలో 4 శాతం. బ్రోకరుకు మామూలుగా మరో 2 శాతం. ఈ రెండింటికీ 2025 ఫిబ్రవరి నుంచి అక్కడి బ్యాంకులు అప్పివ్వడం లేదు, చేతి డబ్బే కట్టాలి. తనఖా నమోదుకు రుణంలో 0.25 శాతం. ఆపైన ఏటా సర్వీసు చార్జీలు. ఫ్లాటు ఖాళీగా పడున్నా అవి తప్పవు.

ఇక్కడుంటూ కొనేవారికి ఇంకా కష్టం. ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి పంపిన సొమ్ముపై 20 శాతం టీసీఎస్ పన్నును బ్యాంకు ముందే పట్టుకుంటుంది. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది నిజమే, అందాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. వచ్చే అద్దెకు ఇక్కడా పన్ను లెక్క చూపాలి. ఆస్తిని రిటర్నులో దాచితే 10 లక్షల జరిమానా పడవచ్చు.

కొబ్బరి తోట తనఖా పెట్టి డబ్బు పంపుదామనుకునేవారు మరీ జాగ్రత్తపడాలి. ఇలాంటి పెట్టుబడుల సొమ్మును విదేశాలకు పంపడానికి మన బ్యాంకులు అప్పివ్వకూడదన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. వేరే పేరుతో రుణం తెచ్చి మళ్లించమనే ఏజెంటును దయచేసి నమ్మకండి. వ్యాసకర్త ఈ ఖర్చులన్నీ కలిపి, అద్దె ఎంత మిగులుతుందో వచ్చే సంచికలో చూపించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, రాజోలు