ఒక్క అడుగు భేదము

రూపచిత్రములు తీయ నుత్సహించు విద్యార్థికి మొదట ఎదురగు సందేహ మొకటి కలదు. ముఖము తీయుటకు 85 మిల్లీమీటర్ల కటకము కొనవలెనా, 105 మిల్లీమీటర్లది కొనవలెనా? రెండును ఇట్టి చిత్రణకే పేరొందినవి. రెండును కొనగల స్తోమత సామాన్యముగ విద్యార్థికి గాని ఉపాధ్యాయునకు గాని ఉండదు. కావున ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు.

ముందుగ ఒక భ్రమ తొలగవలెను. నాభ్యంతరము హెచ్చిన కొలది ముఖము సుందరముగ వచ్చునని పలువురందురు. వాస్తవమునకు ముఖము తీరును నిర్ణయించునది కెమేరాకును మనిషికిని నడుమనున్న దూరము. ఇది తరగతిలో నల్లబల్లపై లెక్కవేసి చూపదగిన విషయము. ముక్కుకొనకు 12 సెంటీమీటర్లు వెనుకగా చెవి యున్నదనుకొన్నచో, అరమీటరు దూరమునుండి చూచు కెమేరాకు ముక్కు, చెవితో పోల్చినపుడు, నూటికి 24 వంతులు పెద్దదై కనబడును. చేయి చాచి సెల్‌ఫోనుతో తీసికొన్న చిత్రములలో ముక్కులు ఉబ్బియుండుటకు కారణ మిదియే. దూరము మీటరున్నర యైనచో ఆ పెరుగుదల 8 వంతులకు తగ్గును.

ఇక రెండు కటకముల మాట. ఫిలిము చట్రము పొడవు 36 మిల్లీమీటర్లు. కెమేరాను నిలువుగ పట్టి, తలనుండి రొమ్ము వరకు 60 సెంటీమీటర్ల మేర అందు నింపవలెనన్న, 85తో తీయువాడు ఇంచుమించు ఒకటిన్నర మీటరు దూరమునను, 105తో తీయువాడు 1.85 మీటర్ల దూరమునను నిలువవలెను. భేదము 35 సెంటీమీటర్లు. అనగా ఒక అడుగునకు కొంచెము మించినది. ముక్కు పెరుగుదల 8 వంతులనుండి ఆరున్నరకు తగ్గును. ఆ ఒకటిన్నర వంతును గుర్తింపగల కన్ను అరుదు.

అట్లైన 105కు అంత కీర్తి ఎట్లు వచ్చెను? నికాన్ ఎఫ్ కెమేరాకై 1959లో వెలువడిన 105 కటకమునకు ద్వారప్రమాణము 2.5. ఆ వంశములోని కటకముతోనే 1984లో పెషావరు చెంత శరణార్థి శిబిరమున స్టీవ్ మెకరీ ఆకుపచ్చ కన్నుల ఆఫ్ఘన్ బాలిక చిత్రమును తీసెను. 1985 జూన్ నెలలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక దానిని అట్టమీద ప్రచురింపగా లోకము విస్తుపోయి చూచెను. అట్టి కటకము నేటికిని అంగడిలో దొరకును. అట్టి చూపు దొరకదు.

85 పక్షమున చెప్పదగినది వెలుతురు. ఆ సంస్థయే 1964లో వెలువరించిన 85 కటకమునకు ద్వారప్రమాణము 1.8. అది 2.5 ద్వారముకంటె ఇంచుమించు రెట్టింపు వెలుతురును లోనికి రానిచ్చును. ఈనాటి 85 కటకములలోను 1.8 ద్వారము సాధారణమే.

గోదావరి సీమలో నిలిచి చూచినచో ఈ తగవు సులభముగ తీరును. ఇచటి పాత మండువా లోగిళ్లలో నడిమి ఆకాశమునుండి దిగిన వెలుతురు వసారాలలో మెత్తబడి, లోగదులకు పోవుసరికి మసకబారును. వసారా వెడల్పు స్వల్పము. వెనుకకు జరుగబోయిన గోడయో స్తంభమో తగులును. పడక కుర్చీలోని తాతగారిని లేచి ఎండలోనికి రమ్మనుట మర్యాద కాదు. అచట అడుగు చోటును, రెట్టింపు వెలుతురును విలువైనవి, 85 తగినది. కోటిపల్లి రేవున పడవ నడపువారిని, చేలలో ఊడ్పులు ఊడ్చువారిని వారి పనికి అడ్డురాక తీయదలచినపుడు మాత్రము ఆ అడుగు దూరమే మర్యాద. అచట 105 మేలు.

ఒక హెచ్చరిక అవసరము. విద్యార్థులు కొను చవుక డిజిటల్ కెమేరాలలో పెక్కింటికి లోపలి ఫలకము చిన్నది. దాని పొడవు సుమారు 24 మిల్లీమీటర్లు. వానికి అమర్చిన 85 కటకము, అదే చిత్రమునకై, తీయువానిని 2.2 మీటర్లు వెనుకకు నెట్టును. అట్టి కెమేరాలకు 50 లేక 56 మిల్లీమీటర్ల కటకమే వసారాలో 85 చేయు పనిని చేయును.

దూరమును కొలుచు కన్నును అలవరచుకొనుటకు సొమ్ముతో పనిలేదు. రాజమహేంద్రవరపు చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో జన్మించి 1925లో గతించెను. ఆయన పేరిట వెలసిన చిత్రశాల ఆ నగరముననే కలదు. ఉపాధ్యాయులు పిల్లలను అచటికి కొనిపోయి, చిత్రములలోని ఒక్కొక్క మనిషిని ఎంత దూరమునుండి చూచినట్లున్నదో అడుగుట మంచి పాఠము.

పెద్దలు గతించిన పిమ్మట పటమునకై వెదకి, పెండ్లినాటి గుంపు ఫోటోలోని గోరంత ముఖమును కత్తిరించి పెద్దది చేయించుకొను ఇండ్లు పల్లెలలో ఎన్నో కలవు. అలుకుకొనిపోయిన ఆ రూపమునకే దండ వేయుదురు. రెండు కటకముల గుణదోషములను పోల్చుచు ఏడాది గడుపువాడు, ఆ ఏడాదిలో కుదురుగ కూర్చుండబెట్టి తీయదగిన ముఖమునే కోల్పోవచ్చును. వసారాలో కూర్చున్న పెద్దల ముఖములు తీయదలచినవాడు, పెద్ద ఫలకపు కెమేరా యున్నచో 85ను కొనుట యుక్తము. తక్కిన అడుగు కాలితో వేయవచ్చును.